హాల్‌టికెట్‌పైనే అచ్చు వేయండి

పరీక్ష మొదలై మూడు గంటలయ్యాయి, గంట కొట్టారు. తనకు ఇంకో గంట సమయం ఉందని ఆ అమ్మాయి మొత్తుకున్నా వినకుండా జవాబు పత్రం తీసేసుకున్నారు. 2021 నీట్‌లో, చేతిరాతను దెబ్బతీసే డిస్‌గ్రాఫియా ఉన్న విద్యార్థిని సుప్రీంకోర్టుకు మొరపెట్టుకున్నది ఇదే. ఆమెకు అన్యాయం జరిగిందని కోర్టు ఆ నవంబరులోనే తేల్చింది. దాన్ని సరిదిద్దే దారి చూడమని నిర్వాహకులను ఆదేశించింది. మళ్లీ పరీక్ష మాత్రం పెట్టించలేదు. పోయిన గంట పోయినట్టే.

సీఏ అయినా, బ్యాంకు ఉద్యోగమైనా, సివిల్స్ అయినా ఈ తంతు పెద్దగా మారలేదు. రూలు లేక కాదు. రాయలేని వైకల్యం ఉన్నవారికి స్క్రైబ్‌ను, అంటే వారు చెప్పింది రాసిపెట్టే మనిషిని ఇవ్వాలని, గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలే చెప్పాయి. అయితే అవి 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికే పరిమితమయ్యాయి. వైకల్య శాతం తేల్చే సదరం శిబిరాల చుట్టూ తిరిగినవారికి ఈ 40 అంకె మహిమ వేరే చెప్పనక్కర్లేదు. సివిల్స్ రాసే వికాశ్ కుమార్ అనే ఎంబీబీఎస్ పట్టభద్రుడికి కలం పట్టుకుంటే వేళ్లు బిగుసుకుపోతాయి. అతని వైకల్యానికి ఎయిమ్స్ వేసిన లెక్క 6 శాతం. మూడు గంటలు రాయాల్సిన చెయ్యికి ఆ అంకెతో పనేమిటి? 2021 ఫిబ్రవరిలో అతని కేసులో సుప్రీంకోర్టు ఆ 40 శాతం గీత చెరిపేసింది. 2022లో కేంద్రం అందుకు తగ్గ మార్గదర్శకాలూ తెచ్చింది. అయినా అన్ని సంస్థలూ వాటిని పాటించడం లేదని 2025 ఫిబ్రవరిలో కోర్టే మళ్లీ చెప్పాల్సి వచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించడంటే ఇదే.

స్క్రైబ్ సంగతే చూడండి. అభ్యర్థి తానే తెచ్చుకుంటే, ఆ మనిషి చదువు అతనికంటే ఒక మెట్టు తక్కువ ఉండాలన్నది 2018 రూలు. మోసాలను అడ్డుకోవాలిగా, సరే. కానీ అకౌంట్స్ పేపర్లో ఏ అంకె డెబిట్ వైపో, ఏది క్రెడిట్ వైపో ఒక్కొక్కటీ విడమరిచి చెబుతూ బ్యాలెన్స్ షీటు గీయించాలంటే, ఇచ్చిన అదనపు గంట అక్కడే కరిగిపోతుంది. నిర్వాహకులే స్క్రైబ్‌ల జాబితా పెట్టి, రెండు రోజుల ముందు కలిసి మాట్లాడుకునే వీలు కల్పించాలని 2018 నాటి అదే మార్గదర్శకాల్లో ఉండేది. ఆ పని చేస్తే మోసం భయమూ తగ్గుతుంది.

మేము అడిగేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. దరఖాస్తులోనే అవసరం అడిగి, హాల్‌టికెట్లు ఇచ్చేలోపు నిర్ణయం చెప్పండి. కాదంటే కారణం రాసివ్వండి, అప్పీలుకు వారం వదలండి. అవునంటే ‘పరీక్షా సమయం: 4 గంటలు, స్క్రైబ్‌కు అనుమతి’ అని హాల్‌టికెట్ మీదే అచ్చు వేయండి. ఆ కాపీ ఇన్విజిలేటర్ బల్ల మీద కూడా ఉండాలి.