కొలాజెన్ తాగితే మోకాలికి చేరుతుందా?

హైదరాబాద్‌లో చలి మొదలైతే చాలు, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లోనూ ఉదయపు నడక మిత్రుల గ్రూపుల్లోనూ ఒక వాట్సాప్ సందేశం తిరగడం మొదలవుతుంది. సారాంశం ఇది: మోకాళ్లలో అరిగేది కొలాజెన్, కొలాజెన్ తాగితే అది నేరుగా మోకాలికీ చర్మానికీ చేరి, అరిగిన చోట అతుక్కుంటుంది, పాతబస్తీవారు తరతరాలుగా పాయా (మేకకాళ్ల షోర్బా) తాగేది అందుకే, ఎంతసేపు మరిగిస్తే అంత బలం, పాయా తాగనివారు కొలాజెన్ పొడి కలుపుకోవాలి, అది పప్పు కన్నా, గుడ్డు కన్నా మేలైన ప్రోటీన్, శాకాహారులకు మొక్కల కొలాజెన్ కూడా ఉంది. అడుగున ఒక పొడి డబ్బా బొమ్మ, కొనడానికి లింకు.

మోకాలి మృదులాస్థిలో, అంటే కీలులో ఎముకల చివరలను కప్పే నున్నటి పొరలో, కొలాజెన్ అనే ప్రోటీన్ ఉన్న మాట నిజమే. ఆ తర్వాతివన్నీ ఒక్కొక్కటిగా చూద్దాం.

"నేరుగా మోకాలికి చేరుతుంది." సందేశానికి ప్రాణం ఈ మాటే కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ప్రోటీన్లన్నీ అమైనో ఆమ్లాలనే చిన్న అణువుల గొలుసులే. ఒక్కోదానిలో సుమారు వెయ్యి అమైనో ఆమ్లాలుండే మూడు గొలుసులు పెనవేసుకుంటే ఒక కొలాజెన్ అణువు అవుతుంది. ఒక్కో గొలుసు విడిగా ఎడమవైపు మెలి తిరుగుతుంది, మూడూ కలిసి కుడివైపు మెలిపడతాయి. తాడు పేనేవారు పోగులను ఒకవైపు, తాడును ఎదురువైపు తిప్పేది ఇలాగే. లాగితే బిగుస్తుందే గాని విడిపోదు. ఈ మూడు పేటల నిర్మాణాన్ని 1954, 1955లలో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి శాస్త్రవేత్తలు జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. గొలుసులో ప్రతి మూడో స్థానంలో గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం ఉండి తీరాలి. అమైనో ఆమ్లాల్లో అదే అతి చిన్నది, మెలిక నడిమధ్యలో మరొకదానికి చోటు లేదు. జన్యుదోషం వల్ల ఒక్కచోట గ్లైసిన్ బదులు వేరొకటి వచ్చినా ఎముకలు పెళుసుబారి విరిగిపోయే పుట్టువ్యాధి రావచ్చు. అంత నిక్కచ్చిగా కట్టుకునే అణువు ఇది.

దాన్ని ఉన్నదున్నట్టుగా పేగు గోడ లోపలికి రానివ్వదు. జీర్ణాశయంలో పెప్సిన్, చిన్నపేగులో ట్రిప్సిన్, దాని తోటి ఎంజైములు ముక్కముక్కలు చేస్తాయి. రక్తంలోకి వెళ్లేవి విడి అమైనో ఆమ్లాలు, వాటితోపాటు రెండు మూడు ఆమ్లాల చిన్న తునకలు. ఆ గ్లైసిన్ పాయా నుంచి వచ్చిందో పెసరపప్పు నుంచి వచ్చిందో కణానికి తెలియదు, అవసరమూ లేదు.

ఇక్కడ సందేశం రాసినవారికి మింగుడుపడని విషయం ఒకటుంది. కొలాజెన్‌కు ప్రత్యేకమైన హైడ్రాక్సీప్రోలిన్ అనే అమైనో ఆమ్లానికి మన జన్యు సంకేతంలో చోటే లేదు. కణం ముందు మామూలు ప్రోలిన్‌తో గొలుసు అల్లుతుంది. ఆ తర్వాత ఒక ఎంజైము అందులోని కొన్ని ప్రోలిన్‌లకు ఆక్సిజన్ అతికించి హైడ్రాక్సీప్రోలిన్‌గా మారుస్తుంది. కాబట్టి తిన్న కొలాజెన్‌లోని హైడ్రాక్సీప్రోలిన్‌ను కొత్త గొలుసులో నేరుగా పెట్టే దారి శరీరానికి లేదు. చాలావరకు అది విచ్ఛిన్నమైపోతుంది, కొంత మూత్రంలో పోతుంది. ఒకప్పుడు ఎముకల అరుగుదలను మూత్రంలోని హైడ్రాక్సీప్రోలిన్‌తో కొలిచే రోజుల్లో, పరీక్షకు ముందు మాంసం, జెలటిన్ మానేయమని చెప్పేవారు. తిన్న కొలాజెన్ మూత్రంలో తేలి లెక్క తప్పిస్తుందని.

ఆ ఆక్సిజన్ అతికించే ఎంజైము పనిచేయాలంటే విటమిన్ సి, ఇనుము కావాలి. విటమిన్ సి లేకపోతే మూడు పేటల మెలిక ఒంటి వేడికే నిలవదు. చిగుళ్లు రక్తం కారే స్కర్వీ వ్యాధి అదే. పెద్దవారికి రోజుకు కావలసింది మగవారికి 80, ఆడవారికి 65 మిల్లీగ్రాములు. ఒక జామకాయతో తీరిపోతుంది.

అవతలి పక్షానికీ ఒక మాట దక్కాలి. కొలాజెన్ పొడి తాగిన తర్వాత హైడ్రాక్సీప్రోలిన్ ఉన్న రెండు ఆమ్లాల తునకలు రక్తంలో కనబడటం నిజం. అవి చర్మ కణాలను పురిగొల్పుతాయేమోనన్న ఊహ అర్థంలేనిది కాదు. చర్మంలో తేమ పెరిగిందన్న పరీక్షలూ ఉన్నాయి. అయితే చర్మంపై జరిగిన ఇలాంటి పరీక్షలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2025లో వచ్చింది. కంపెనీల డబ్బుతో జరగని పరీక్షలను విడదీసి చూస్తే అందులో ప్రయోజనం కనబడలేదు. మోకాలి సంగతి మరీ మొండిది. మృదులాస్థికి రక్తనాళాలు లేవు. అందులోని కొలాజెన్‌లో సగం మారడానికి వందేళ్లకు పైగా పడుతుందని, చర్మంలో అయితే సుమారు 15 ఏళ్లని 2000లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా కట్టింది. శరీరం తన సొంత సరుకుతోనే అంత నింపాదిగా మార్చుకునే చోట, నిన్న రాత్రి తాగిన షోర్బా వెళ్లి అతుక్కుంటుందని నమ్మమంటున్నారు!

"ఎంత మరిగిస్తే అంత బలం." దీనికి తిరుగుజవాబు గిన్నెలోనే ఉంది. వేడికి మూడు పేటలను పట్టి ఉంచే బంధాలు తెగి, గొలుసులు విడిపోతాయి, అదే జెలటిన్. రాత్రంతా సన్నమంట మీద కాగిన పాయా పెదవులకు అంటుకోవడానికీ, మిగిలింది ఫ్రిజ్‌లో గడ్డకట్టడానికీ కారణం అదే. చల్లారాక గొలుసులు అక్కడక్కడ మళ్లీ మెలిపడతాయి గాని పాత అణువు తిరిగి రాదు. మరిగించడం వల్ల అరుగుదల సులువవుతుంది, అంతే. డబ్బా పొడి అయితే ఇంకో మెట్టు ముందుకు వెళ్లింది: 'హైడ్రోలైజ్డ్' అని ముందే ముద్రించి ఉంటుంది, అంటే ఫ్యాక్టరీలోనే తునకలు చేశారన్నమాట. అరిగిన చోట ఏకమొత్తంగా అతుక్కుంటుందన్న సందేశాన్ని దాని అడుగున ఉన్న డబ్బానే ఖండిస్తోంది.

"తరతరాలుగా తాగుతున్నారు." తాగుతున్నారు, రుచిగా ఉంటుంది కాబట్టి. పాతబస్తీలో మోకాళ్ల నొప్పులు తక్కువని చూపే లెక్క ఒక్కటీ ఆ సందేశంలో లేదు.

"పప్పు కన్నా, గుడ్డు కన్నా మేలు." ఇది తలకిందులు మాట. ఆహారం నుంచే అందవలసిన తొమ్మిది అమైనో ఆమ్లాల్లో ట్రిప్టోఫాన్ ఒకటి, కొలాజెన్‌లో అది అసలు లేదు. ప్రోటీన్ నాణ్యతను కొలిచే లెక్కలో, ఒక్కటే తిన్నట్టయితే, కొలాజెన్‌కు వచ్చే మార్కు సున్నా. గుడ్డుకు లోటు లేదు. ఆ తొమ్మిదిలోనిదే అయిన లైసిన్ కందిపప్పులో ఎక్కువ, అన్నంలో తక్కువ. పప్పులో కొరవడిన మరొకటి, మెథియోనిన్, అన్నంలో దొరుకుతుంది. రెండూ కలిపి తినే అలవాటు మనకు ఎటూ ఉంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కండలు పెంచడానికి ప్రోటీన్ పొడులు వాడవద్దనే చెప్పింది.

ఇక "మొక్కల కొలాజెన్". మొక్కల్లో కొలాజెన్ లేదు. వాటి కణాల గోడలను ప్రధానంగా నిలబెట్టేది సెల్యులోజ్, అది గ్లూకోజ్ గొలుసు. గడ్డకట్టించే చైనా గ్రాస్‌ను చూసి మోసపోనవసరం లేదు. సముద్రపు నాచు నుంచి తీసే ఆ పదార్థం కూడా చక్కెరల గొలుసే, అందులో గ్లైసిన్, ప్రోలిన్‌ల మెలిక ఉండదు. ఆ పేరుతో అమ్మే డబ్బాను తిప్పి వెనక ఉన్న పదార్థాల జాబితా చదవండి: సాధారణంగా ఉండేవి విటమిన్ సి, ఉసిరి సారం, కొన్ని అమైనో ఆమ్లాలు వంటివి. అందులో ఉసిరి వరకు సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో విడిగా దొరుకుతుంది.