రోమ్ గుమ్మటం మీద బల్లి

అమెరికాలోని అలబామాలో, బర్మింగ్‌హామ్‌కి ఉత్తరంగా యాభై మైళ్ళలో కల్మన్ అనే ఊరుంది. అక్కడి సెయింట్ బెర్నార్డ్ మఠానికి ఒక పాత రాతి క్వారీ. ఆ క్వారీ వాలులో రోమ్, జెరూసలేం, బాబిలోన్, పీసా టవరు. నాలుగెకరాల్లో మొత్తం 125 కట్టడాలు. పేరు ఆవే మరియా గ్రోటో; గ్రోటో అంటే గుహ.

అదే అలబామాలోని హంట్స్‌విల్‌లో ఉన్న కొడుకు దగ్గరికి అమ్మానాన్నలు ఆర్నెల్లకని వస్తారు. మూడో వారానికి చూపించడానికేమీ మిగలదు. "ఒక్కపూటలో రోమూ జెరూసలేమూ తిప్పేస్తా" అంటాడు కొడుకు. అక్కడే తప్పు జరిగిపోయింది. అమ్మ పట్టుచీర కట్టేస్తుంది. నాన్న ఇస్త్రీ చొక్కా దింపుతాడు. తీరా చూస్తే రోమ్ నడుం దాకా కూడా రాదు.

"ఇదేంట్రా, బొమ్మలకొలువా?"

బొమ్మలకొలువే, కాకపోతే సిమెంటుది. బవేరియాలో 1878లో పుట్టి, 1892లో ఇక్కడికి వచ్చిన బ్రదర్ జోసెఫ్ జోటల్ అనే సన్యాసి, మఠం పవర్‌హౌస్‌లో బొగ్గు ఎత్తిపోస్తూ, ఖాళీ దొరికినప్పుడల్లా ఒక్కొక్కటే కట్టుకొచ్చాడు. తోట 1934లో తెరిచారు. 1958లో ఎనభయ్యో ఏట ఫ్రాన్సులోని లూర్దు చర్చి నమూనా కట్టి పని ముగించాడు. వీటిలో కళ్ళారా చూసినవి ఏవో కొన్నే. మిగతావన్నీ పోస్టుకార్డులూ ఫోటోలూ చూసి కట్టినవే. అందుకే ఒకదాని కొలతకీ ఇంకోదాని కొలతకీ పొంతన ఉండదు. పక్కపక్కనున్న రెంటిని ఒకే ఫోటోలో ఇరికిస్తే ఒకదాని కిటికీ రెండోదాని తలుపంత వస్తుంది. ఒక్కోదాన్ని విడిగా తీసుకోవాలి.

నిలబడి తీస్తే ఫోటో సర్వనాశనం. అయిదడుగుల ఎత్తు నుంచి కప్పులు, వాటి వెనక మట్టి, ఆ పైన ఎవరివో చెప్పులు పడతాయి. నిజం చర్చిని మనం కింది నుంచి చూస్తాం కాబట్టి, కెమెరా కన్ను చర్చి గుమ్మం ఎత్తుకి దిగాలి. మోకాళ్ళ మీద కూర్చుని ఫోన్ని తలకిందులుగా పట్టుకుంటే లెన్సు నేలకి దగ్గరవుతుంది. దగ్గరికి జరిగి వెడల్పు లెన్సుతో తీయొద్దు. బురుజులన్నీ పీసా టవర్లవుతాయి. రెండు మూడు గజాలు వెనక్కి జరిగి జూమ్ చెయ్యాలి. చెట్ల కింద మిట్టమధ్యాహ్నపు ఎండ చారలు చారలుగా పడుతుంది, మబ్బు పట్టినరోజు నయం. ఇవన్నీ సర్దుకున్నాక గుమ్మటం మీద ఒక ఎండుటాకు కనిపిస్తుంది. చర్చి తలుపంత ఆకు! చెయ్యి చాపి తీస్తానంటారు నాన్న. తియ్యకూడదు. దారి దిగకూడదు కూడా. గాలి కోసం ఆగాలి.

ఇక మనుషుల్ని నిలబెట్టడం. పక్కన నిలబడితే నాన్నగారి బొజ్జ వెనక వాటికన్ మొత్తం మాయమవుతుంది. దూరంగా నిలబెడితే చిన్నగా కనిపించి కొలత కుదురుతుందని కొడుకు లెక్క. లెక్క సరైనదే, కానీ ఇది క్వారీ వాలు. వెనక దారి ఎత్తులో ఉంటుంది. ఫోటోలో ఆయన పాదాలు సరిగ్గా గుమ్మటం మీదికొస్తాయి.

"నన్ను గోపురం ఎక్కించావేంట్రా, అపచారం!"

ఈలోగా అమ్మ చెప్పులు విడిచి అన్ని గుమ్మటాలకీ దణ్ణం పెట్టుకుంటూ వస్తోంది. వీటిని వేటితో కట్టాడో కోడలు ఫోన్లో చూసి చదువుతోంది: గోళీలు, సముద్రపు గుల్లలు, కోల్డ్‌క్రీమ్ సీసాలు, 1933లో పట్టాలు తప్పిన గూడ్సు పెట్టెలోని పగిలిన పాలరాయి. వాటికన్‌లోని పెద్ద చర్చి సెయింట్ పీటర్స్ గుమ్మటానికి పాత పక్షి పంజరం.

"ఎంత ఓపికమ్మా ఆయనకి!"

"ఇంకొన్ని గుమ్మటాలకి..." కోడలు ఆగింది.

"చెప్పు."

"టాయిలెట్ ట్యాంకులో తేలే బుడ్డి ఉంటుంది చూడండి అత్తయ్యా, అది."

అమ్మ చేతులు జోడించినవి జోడించినట్టే ఉండిపోయాయి. దించాలా, ఉంచాలా? వాడిన బుడ్డా, కొత్తదా అని అడిగింది. కోడలు వెతికింది, దొరకలేదు. పైన సిమెంటు పడింది కాబట్టి శుద్ధి అయిపోయినట్టేనని నాన్న తీర్పు. సిమెంటుతో శుద్ధి ఏ శాస్త్రంలో ఉందని అమ్మ ప్రశ్న. మొత్తానికి అక్కణ్ణించి ఆవిడ దణ్ణాలు తోటకి పేరిచ్చిన ఒక్క పెద్ద గుహకే. అది ఇరవై ఏడడుగుల ఎత్తు, ఎటు చూసినా మనకంటే పెద్దది. దాని ముందు ఫోన్ మళ్ళీ నిటారుగా తిప్పుకోవాలని కొడుకు మర్చిపోయాడు. వచ్చింది నేల.

దిగేటప్పుడు దారి హాయిగానే ఉంటుంది. తిరిగి ఎక్కేటప్పుడు పట్టుచీర సంగతి తెలుస్తుంది. మంచినీళ్ళు కార్లోనే మర్చిపోతారు, అది వేరే చెప్పక్కర్లేదు.

సాయంత్రానికి నలభై ఫోటోల్లో ఒక్కటి అచ్చు రోమ్‌లాగే కుదిరింది. మట్టి లేదు, చెప్పుల్లేవు, ఆకు ఎగిరిపోయింది. వెంటనే తెనాలి బంధువుల గ్రూపులో పెట్టేశారు. పెద్దమావయ్య దాన్ని వేళ్ళతో పెద్దది చేసి చూశారు. గుమ్మటం మీద, శిలువ పక్కనే, తాపీగా ఎండ కాగుతున్న బల్లి. లెక్క ప్రకారం ముప్పై అడుగులు.

రాత్రి తొమ్మిదింటికి ఫోన్ మోగింది. "ఏరా అబ్బాయ్, పంచాంగం ముందేసుకుని కూర్చున్నా. తల మీద పడితే ఫలం రాశారు, భుజం మీద పడితే రాశారు. చర్చి మీద పడితే ఏ పేజీలో చూడమంటావ్?"