188 మాత్రలు, ఒక ఫారం 7ఏ

బెడాక్విలిన్ కోర్సు లెక్క ఇది. మొదటి రెండు వారాలు రోజుకు నాలుగు మాత్రలు, అంటే 56. ఆ తర్వాత 22 వారాలు, వారానికి మూడు రోజులు, రోజుకు రెండు చొప్పున 132. మొత్తం 188 మాత్రలు, ఒక్కోటి 100 మిల్లీగ్రాములు. మామూలు మందులకు లొంగని మొండి టీబీ పట్టిన మనిషి ఆశంతా ఇప్పుడు ఈ మాత్రల మీదే. ఇవి రాకముందు అదే మనిషికి నెలల తరబడి కనామైసిన్ లాంటి ఇంజెక్షన్లు పొడిచేవారు. టీబీ తగ్గినా చెవులు పోయినవాళ్ళు ఎందరో.

2023 ఆగస్టులో, పేద దేశాల కోసం టీబీ మందులు కొనిపెట్టే గ్లోబల్ డ్రగ్ ఫెసిలిటీ టెండర్‌లో ఈ కోర్సు ధర సగానికి పైగా పడిపోయింది. జాన్సన్ అండ్ జాన్సన్ 130 డాలర్లకు దిగింది, మన లుపిన్ 194 డాలర్లకు కోట్ చేసింది. ఎలా దిగిందో అడిగితే మనలో చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఫార్మా రంగంలో పనిచేసేవాళ్ళకే తెలియకపోవడం నాకు మింగుడుపడని విషయం.

ఆ మందు మీద జాన్సన్ అండ్ జాన్సన్‌కు ఇక్కడ మూల పేటెంటు ఒకటి ఉండేది. అది 2023 జులై 18న ముగిసింది. దాని వెనకే, అదే మందు ఫ్యూమరేట్ సాల్ట్ మీద, అంటే మందును ఒక ఆమ్లంతో కలిపి చేసిన రూపం మీద, ఇంకో దరఖాస్తు వేసి ఉంచారు. అది మంజూరైతే గుత్తాధిపత్యం 2027 డిసెంబరు దాకా సాగేది. అంటే ఇంకో నాలుగేళ్ళ ఐదు నెలలు జనరిక్ గుమ్మం తొక్కేది కాదు. దాన్ని అడ్డుకోవడానికి మహారాష్ట్రలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్ళ సంఘం ఒకటి అభ్యంతరం వేసింది. 2019లో ముంబైకి చెందిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమెజా టిసిలే కలిసి మరొకటి వేశారు. ఇద్దరూ టీబీ నుంచి బతికి బయటపడ్డవాళ్ళు, ఇద్దరూ ఆ పాత మందుల వల్ల వినికిడి పోగొట్టుకున్నవాళ్ళు. 2023 మార్చి 23న పేటెంట్ ఆఫీసు సాల్ట్ దరఖాస్తును తోసిపుచ్చింది. ధర దిగడానికి ఇదొక్కటే కారణమని చెప్పను. ప్రపంచవ్యాప్తంగా కంపెనీ మీద వచ్చిన ఒత్తిడి కూడా ఉంది. కానీ ఈ తలుపు తెరుచుకోకపోతే ఇక్కడి జనరిక్ కంపెనీలు టెండర్‌లో కూర్చోవడానికే వీలు చిక్కేది కాదు.

మందుల అందుబాటు గురించి మాట్లాడేవాళ్ళలో ఎక్కువమంది ధర మీద మొదలుపెట్టి ధర మీదే ఆగిపోతారు. "కంపెనీలు దోచుకుంటున్నాయి" అని పోస్టు పెడతాం, పది మంది షేర్ చేస్తారు. అదంతా నిజమే, కోపమూ న్యాయమే. అయితే ధర నిర్ణయమయ్యేది మందు షాపుకు రావడానికి పదేళ్ళ ముందు, ఎవరూ చదవని ఒక దరఖాస్తులో, చివరి పేజీల్లో ఉండే క్లెయిముల్లో, అంటే దేని మీద హక్కు కావాలో చెప్పే వాక్యాల్లో. అక్కడ మనం లేకపోతే తర్వాత చేసే ధర్నాకు దక్కేది కంపెనీ దయతలచి ఇచ్చే డిస్కౌంటే.

పేటెంట్ల చట్టం సెక్షన్ 25(1) ప్రకారం పేటెంటు మంజూరు కాకముందు ఎవరైనా అభ్యంతరం వేయవచ్చు. 'ఎవరైనా' అన్న మాట చట్టంలోనే ఉంది. రోగి వేయవచ్చు, విద్యార్థి వేయవచ్చు, సంఘం వేయవచ్చు. మంజూరయ్యాక వేసే పోస్ట్-గ్రాంట్ అపోజిషన్‌కు ఏడాదే గడువు, అదీ 'ఆసక్తి గల వ్యక్తి' మాత్రమే వేయాలి. అందుకే ముందు దశకు అంత విలువ.

పని మొదలయ్యేది వెతుకులాటతో. ఇక్కడే చాలామంది మొదటి రోజే చేతులెత్తేస్తారు, ఎందుకంటే మందు పేరుతో వెతికితే ఏమీ దొరకదు. మందుకు పేరు పెట్టేసరికి దరఖాస్తు వేసి ఏళ్ళు గడిచిపోయి ఉంటాయి. శీర్షికలో 'క్వినోలిన్ డెరివేటివ్స్' లాంటి ముక్క తప్ప ఏమీ ఉండదు. కాబట్టి తోక పట్టుకుని వెనక్కి రావాలి. అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించిన మందుల జాబితా అయిన ఆరెంజ్ బుక్‌లో ఆ మందు కింద నమోదైన పేటెంటు నంబర్లు తీసుకోవాలి. వాటిని యూరప్ పేటెంట్ ఆఫీసు ఉచిత సైట్ ఎస్పాస్‌నెట్‌లో పెట్టి ఏయే దేశాల్లో అదే కుటుంబపు దరఖాస్తులు ఉన్నాయో చూడాలి. అందులో ఇండియా నంబరు దొరికితే మన పేటెంట్ ఆఫీసు ఇన్‌పాస్ సైట్‌లో దాని గతి ఏమిటో తెలుస్తుంది. హెచ్‌ఐవీ, టీబీ, హెపటైటిస్ సి మందులైతే మెడిసిన్స్ పేటెంట్ పూల్ అనే సంస్థ నడిపే మెడ్స్‌పాల్ సైట్‌లో సగం పని చేసి పెట్టి ఉంటుంది. అయినా ఆఖరి మాట ఇన్‌పాస్‌లోనే చూసుకోవాలి. ఒకటి గుర్తుంచుకోండి: జీవకణాల నుంచి తయారయ్యే బయోలాజికల్ మందులకు ఆరెంజ్ బుక్ పనికిరాదు.

దొరికాక కంప్లీట్ స్పెసిఫికేషన్, అంటే ఆవిష్కరణ పూర్తి వివరణ పత్రం ఒక్కటీ డౌన్‌లోడ్ చేసుకుని కూర్చుంటే కుదరదు. మొదటి పరీక్షా నివేదిక, దానికి దరఖాస్తుదారు ఇచ్చిన జవాబు, సవరించిన క్లెయిములు, ఇవన్నీ తీయాలి. కంపెనీ మధ్యలో క్లెయిములు మార్చేసి ఉంటుంది. పాత క్లెయిముల మీద నలభై పేజీలు రాసుకెళ్తే, ఆ క్లెయిములే ఇప్పుడు లేవని అవతలి లాయరు ఒక్క వాక్యంలో తేల్చేస్తాడు. ఒక దరఖాస్తులోంచి విడదీసి వేసే డివిజనల్ దరఖాస్తులు కూడా చూసుకోవాలి. తల్లి దరఖాస్తు చచ్చిందని సంబరపడేలోపు పిల్ల దరఖాస్తు అదే సరుకుతో బతికే ఉంటుంది.

ఇక సాక్ష్యం. మీరు చూపించే వ్యాసం, పేటెంటు, పాఠ్యపుస్తకం ప్రయారిటీ తేదీకి, అంటే ఆ ఆవిష్కరణకు ఏ దేశంలోనైనా మొట్టమొదట దరఖాస్తు వేసిన తేదీకి ముందు వెలువడి ఉండాలి. ఇండియాలో దరఖాస్తు వేసిన తేదీని కొలతగా పెట్టుకోవడం అందరూ చేసే తప్పు. ప్రయారిటీ తేదీ దానికంటే రెండేళ్ళకు పైగా ముందు ఉండొచ్చు, ఆ మధ్యలో వచ్చిన వ్యాసమంతా చెల్లని చెక్కే. సాల్టుల విషయంలో మన చేతిలో మంచి ఆధారాలు ఉన్నాయి. ఏ సాల్టును ఎంత శాతం మందుల్లో వాడుతున్నారో 1977లోనే ఒక సమీక్షా వ్యాసం పట్టిక వేసి పెట్టింది. మాత్ర సరిగా కరగకపోతే ఆ పట్టికలోంచి నాలుగు ఆమ్లాలు తీసి పరీక్షించడం ఫార్ములేషన్ ల్యాబులో రోజువారీ పని. మన బీఫార్మసీ పిల్లలు మూడో ఏడాదిలో చదివే పాఠం అది. దాన్ని ఆవిష్కరణ అని ఇరవై ఏళ్ళ హక్కు అడుగుతున్నారు.

సెక్షన్ 3(డి) చెప్పేది కూడా ఇదే: తెలిసిన పదార్థానికి కొత్త సాల్టో, కొత్త స్ఫటిక రూపమో తెస్తే సరిపోదు, దాని సామర్థ్యం పెరిగిందని చూపించాలి. సామర్థ్యం అంటే రోగం నయం చేసే సామర్థ్యమేనని నోవార్టిస్ కంపెనీ క్యాన్సర్ మందు గ్లివెక్ కేసులో 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తేల్చింది. ఒంట్లోకి 30 శాతం ఎక్కువగా చేరుతుందన్న కంపెనీ వాదన అక్కడ నిలబడలేదు. అందుకని అభ్యంతరంలో "ఇది 3(డి) కింద చెల్లదు" అని ఒక లైను రాసి వదిలేయకండి. తెలిసిన పదార్థం ఏది, అది ఎక్కడ వెల్లడైంది, కొత్త రూపానికీ పాతదానికీ పోల్చి స్పెసిఫికేషన్‌లో ఏ డేటా ఇచ్చారు, ఆ డేటా కరిగే గుణం గురించా లేక నయం కావడం గురించా, వరుసగా చూపించండి. చాలాసార్లు పోలిక డేటాయే ఉండదు. లేదని ఎత్తి చూపడమే మీ బలమైన పేరా అవుతుంది.

ఇవన్నీ ఫారం 7ఏ మీద వేయాలి, నిపుణుడి అఫిడవిట్ ఉంటే సాక్ష్యంగా జతచేయాలి. దరఖాస్తు ప్రచురణ అయ్యాక ఆరు నెలలు గడిచేదాకా పేటెంటు ఇవ్వకూడదు, కాబట్టి కచ్చితంగా చేతిలో ఉన్న కాలం అంతే. ఆ తర్వాత ఏ రోజు మంజూరైనా మీ హక్కు పోయినట్టే. హియరింగ్ కావాలని రాతపూర్వకంగా అడగండి. చట్టం అడిగినవాళ్ళకే హియరింగ్ ఇస్తుంది. నెలలు కష్టపడి రాసి ఈ ఒక్క వాక్యం మరిచిపోతే మీ వాదన వినిపించే అవకాశమే చేజారుతుంది.

ఇంత సన్నని దారిని కూడా ఇప్పుడు ఇరుకు చేస్తున్నారు, నా గొడవంతా ఇక్కడే. 2024 మార్చిలో పేటెంట్ నిబంధనలు మార్చారు. అంతకుముందు ప్రీ-గ్రాంట్ అభ్యంతరానికి, అంటే మంజూరుకు ముందు వేసేదానికి, రుసుము లేదు, ఇప్పుడుంది. అభ్యంతరం విచారణకు తగునా అని పేటెంట్ ఆఫీసు అధికారి అయిన కంట్రోలర్ ముందు తేల్చాలి, ఆ తర్వాతే దరఖాస్తుదారుకు నోటీసు. కారణంగా చెప్పేది బినామీ అభ్యంతరాలు. నిజమే, పోటీ కంపెనీలు ఎవరివో పేర్లు పెట్టి ఒకదాని తర్వాత ఒకటి వేయించిన సందర్భాలు ఉన్నాయి, 2020లో బాంబే హైకోర్టు దీని మీద గట్టిగానే మందలించింది. అలా చేసినవాళ్ళు రోగుల సంఘాలకు చేసిన ద్రోహం చిన్నది కాదు. కానీ శిక్ష పడింది ఎవరికి? వందల కోట్ల కంపెనీకి ఆ రుసుము టీ ఖర్చు. విరాళాలతో నడిచే సంఘానికి మాత్రం ఒక్కో దరఖాస్తుకూ లెక్క చూసుకోవలసిన గతి.

అదే నిబంధనల్లో ఫారం 27నూ మార్చారు. పేటెంటున్న మందును దేశంలో ఎంత అమ్మారు, తయారుచేశారా దిగుమతా అని అప్పటిదాకా కంపెనీ చెప్పాల్సి ఉండిన ఫారం అది. ఏటా ఇచ్చేది మూడేళ్ళకొకసారి అయింది. ఇదేదో గుమస్తా పని అనుకుంటే పొరపాటు. హైదరాబాద్ నాట్కోకు 2012 మార్చి 9న సొరాఫెనిబ్ అనే క్యాన్సర్ మందు మీద వచ్చిన కంపల్సరీ లైసెన్సు, అంటే పేటెంటుదారు ఒప్పుకోకపోయినా తయారీకి ఇచ్చే అనుమతి, ఇలాంటి లెక్కల మీదే నిలబడింది. నెలకు 120 మాత్రలకు పేటెంటుదారు బేయర్ ధర 2,80,428 రూపాయలు, మందు అందింది అవసరమైన రోగుల్లో రెండు శాతానికి కాస్త పైన. లైసెన్సుతో ధర 8,880కి దిగింది. ఇప్పటిదాకా మన దేశం ఇచ్చిన ఏకైక కంపల్సరీ లైసెన్సు అదే. తర్వాత హైదరాబాద్‌కే చెందిన లీ ఫార్మా శాక్సాగ్లిప్టిన్ అనే షుగరు మందుకు అడిగితే 2016లో కొట్టేశారు. ఆ మందే కావలసిన రోగులు ఎంతమందో వాళ్ళు అంకెల్లో చూపలేకపోయారు, అదే వర్గంలో వేరే మందులూ మార్కెట్లో ఉన్నాయి. సెక్షన్ 84 కింద జాలికి మార్కులు లేవు, లెక్కకే ఉన్నాయి. ఆ లెక్క ఇచ్చే కాగితాన్ని మూడేళ్ళకొకటి చేస్తే అడిగేవాడు ఏ అంకెతో అడగాలి?

2025 జులై 24న బ్రిటన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందం చూడండి. మేధోసంపత్తి అధ్యాయంలో, మందుల అందుబాటుకు మేలైన, ఉత్తమమైన దారి, కంపెనీ తానే ఇష్టపడి ఇచ్చే లైసెన్సుల లాంటి స్వచ్ఛంద మార్గాలేనని రెండు దేశాలూ గుర్తిస్తున్నట్టు రాశారు. చట్టం మారలేదు కదా అంటారు. మారలేదు. కానీ రేపు ఏ కంట్రోలర్ ముందో కంపల్సరీ లైసెన్సు దరఖాస్తు వస్తే అవతలి లాయరు మొదట చదివి వినిపించేది ఈ వాక్యమే. 2001 నవంబరులో దోహాలో, ప్రపంచ వాణిజ్య సంస్థ సమావేశంలో, కంపల్సరీ లైసెన్సు ప్రతి దేశం హక్కు అని పోరాడి రాయించుకున్నవాళ్ళలో మనమూ ఉన్నాం. మన చేత్తోనే దాన్ని రెండో మెట్టు మీదకు దించుకున్నాం.

స్వచ్ఛంద లైసెన్సు చెడ్డదని నేను అనడం లేదు. లెనకాపవిర్ సంగతే తీసుకోండి. ఆరు నెలలకొక ఇంజెక్షన్‌తో హెచ్‌ఐవీ సోకకుండా ఆపే మందు. ఉగాండా, దక్షిణాఫ్రికాల్లో జరిగిన పరీక్షలో ఆ ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మంది అమ్మాయిల్లో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు. 2025లో అమెరికాలో దాని ధర ఏడాదికి 28,218 డాలర్లు. దాని పేటెంటున్న గిలియడ్ 2024 అక్టోబరులో ఆరు జనరిక్ కంపెనీలకు లైసెన్సు ఇచ్చింది. వాటిలో డాక్టర్ రెడ్డీస్, హెటెరో రెండూ హైదరాబాద్‌వే. 2027 నుంచి ఏడాదికి 40 డాలర్లకు ఇస్తామని ఆ రెండు కంపెనీలూ 2025 సెప్టెంబరులో ప్రకటించాయి. మన ఊళ్ళో తయారయ్యే మందు ఆఫ్రికా పల్లెల దాకా వెళ్తుందంటే గర్వంగానే ఉంటుంది.

ఇప్పుడు ఆ లైసెన్సులో దేశాల జాబితా తీయండి. 120 దేశాలు. బ్రెజిల్ లేదు, అర్జెంటీనా లేదు, మెక్సికో లేదు, పెరూ లేదు. ఇదే మందు రెండో పెద్ద పరీక్షకు ఒంట్లో సూది పొడిపించుకున్నది ఆ నాలుగు దేశాల జనమూ కదా! పరీక్షకు పనికొచ్చిన ఒళ్ళు 40 డాలర్ల మందుకు పనికిరాలేదు. స్వచ్ఛంద లైసెన్సులో గీత ఎక్కడ గీయాలో గీసేది పేటెంటు చేతిలో ఉన్న కంపెనీయే. అందుకే అభ్యంతరం, కంపల్సరీ లైసెన్సు అనే రెండు ఆయుధాలు పదునుగా ఉండాలి. ఇవతలి చేతిలో అవి ఉన్నాయని తెలిస్తేనే అవతలివాడు లైసెన్సు బల్ల దగ్గరికి వస్తాడు. ఏ లైసెన్సు గురించి పత్రికలో వార్త వచ్చినా దేశాల జాబితా, ముడి మందు ఎవరి దగ్గర కొనాలన్న షరతు, పేటెంటు లేని దేశానికి అమ్మనిస్తారా లేదా అన్న క్లాజు, ఈ మూడూ చదివాకే చప్పట్లు కొట్టండి.

హైదరాబాద్‌ను దేశానికి ఫార్మా రాజధాని అని మనం గట్టిగానే చెప్పుకుంటాం. ఆ పేరు బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ నుంచీ, మందుల మీద ప్రోడక్ట్ పేటెంటు (తయారీ పద్ధతి మీద కాక మందు మీదే హక్కు) ఇవ్వని 1970 చట్టం నుంచీ వచ్చింది. ఆ చట్టం లేకపోతే ఇవాళ మనం పేర్లు చెప్పుకునే కంపెనీల్లో సగం పుట్టేవే కావు. రెండు రాష్ట్రాల్లో ఏటా వేలమంది బీఫార్మసీ, ఫార్మ్‌డీ పట్టాలు పుచ్చుకుంటున్నారు. వాళ్ళకు సాల్ట్ అంటే తెలుసు, పాలిమార్ఫ్ అంటే తెలుసు, బయో అవైలబిలిటీ గ్రాఫు చదవడం వచ్చు. ముంబైలోనూ ఢిల్లీలోనూ ఈ అభ్యంతరాలు రాసే సంఘాలు వెతుక్కునేది సరిగ్గా ఇలాంటి మనుషుల్నే. లాయర్లు దొరుకుతున్నారు, కెమిస్ట్రీ చదివి క్లెయిము విప్పి చెప్పేవాళ్ళే దొరకడం లేదు.

పేటెంట్ ఆఫీసు జర్నల్ ప్రతి శుక్రవారం సైట్‌లో పడుతుంది, డబ్బు కట్టనక్కర్లేదు. అందులో కొత్తగా ప్రచురించిన దరఖాస్తుల భాగం తెరిచి 'సాల్ట్స్ ఆఫ్', 'క్రిస్టలైన్ ఫార్మ్స్ ఆఫ్', 'కంపోజిషన్ కంప్రైజింగ్' అన్న మాటలతో వెతకండి. దొరికినవాటిని ఒక షీట్‌లో ఎక్కించండి: దరఖాస్తు నంబరు, దరఖాస్తుదారు, ప్రయారిటీ తేదీ, ప్రచురణ తేదీ, దానికి ఆరు నెలలు కలిపిన తేదీ. ఆఖరి గడిని ఎర్ర రంగులో పెట్టుకోండి. ఇద్దరు కూర్చుంటే రెండు గంటల పని, మొదట్లో మూడు పట్టొచ్చు.