ఊరి సొమ్ముకు ఖజానా తాళమా?

ఆంధ్రప్రదేశ్‌లో స్వాతంత్ర్య దినోత్సవానికి చిన్న పంచాయతీ ఖర్చు పెట్టుకోగలిగిన సొమ్ము 2024 వరకు 100 రూపాయలు, పెద్ద పంచాయతీకి 250. ఆ ఏడాది ప్రభుత్వం దాన్ని 10 వేలు, 25 వేలకు పెంచింది. సంతోషమే. కానీ బడిపిల్లల మిఠాయిలకు ఎంత వెచ్చించాలో కూడా రాజధాని తేల్చవలసి రావడమే అసలు జబ్బు.

గోదావరి డెల్టాలో ఆ జబ్బు వేసవిలో ముదురుతుంది. ధవళేశ్వరం దిగువన కాలువలు కట్టేసేలోగా, అంటే వాటికి నీరు ఆపేసేలోగా, ప్రతి ఊరూ తన మంచినీటి చెరువు నింపుకోవాలి. అందుకు పూడిక తీయాలి, గట్టు బాగుచేయాలి, మోటారు తిరగాలి, నీటిని వడగట్టే ఫిల్టర్‌బెడ్లలో ఇసుక మార్చాలి. కాలువ కట్టే తేదీ ఎవరికోసమూ ఆగదు. బిల్లు మాత్రం ప్రభుత్వ ఖజానాలో ఆగుతుంది. ఇంటి పన్ను, చేపల చెరువుల వేలంపాట, సంత వేలం, గట్టు మీది కొబ్బరిచెట్ల ఫలసాయం అన్నీ ఊరివారు కట్టినవో, ఊరి ఆస్తిపై వచ్చినవో. అవి కూడా ఖజానాకు చేరి అక్కడే చిక్కుకుపోయిన సందర్భాలు కోకొల్లలు. చేతి డబ్బుతో పనులు చేయించి బిల్లుల కోసం కాళ్లరిగేలా తిరిగిన సర్పంచుల గోడు ఈ ప్రాంతానికి కొత్త కాదు.

కేంద్ర నిధుల పంపకాన్ని సిఫారసు చేసే 15వ ఆర్థిక సంఘం పంచాయతీల గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికి ముడిపెట్టింది. డెల్టాకు ఆ ముడితో పెద్ద పేచీ లేదు, ఇక్కడి ఊళ్లకు ముందుగా కావలసినవీ అవే. ఊరి ఇష్టానికి వదిలిన సొమ్మయినా ఊరి చేతికి దక్కిందా అన్నదే ప్రశ్న. గత ప్రభుత్వ హయాంలో పంచాయతీల కరెంటు బకాయిల పేరిట ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ సంస్థలకు మళ్లించారు. బాకీ నిజమే కావచ్చు. ఎప్పుడు, ఎంత తీర్చాలో సర్పంచిని అడిగిన పాపాన పోలేదు.

2019 అక్టోబరు 2న కరపలో మొదలైన గ్రామ సచివాలయ వ్యవస్థ ఊరికి ఉద్యోగులను ఇచ్చింది, వారి పగ్గాలను శాఖల చేతుల్లోనే ఉంచింది. 2024 ఆగస్టు 23న 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. కోనసీమలోని వానపల్లి సభకు ముఖ్యమంత్రే వచ్చారు. సభ పెట్టడం మంచిదే, అయితే ఆ రోజు ప్రధాన చర్చ ఉపాధి హామీ పనులపైనే. ఎజెండా కూడా పైనుంచే దిగితే అది ఊరి సభ ఎలా అవుతుంది? రాజమహేంద్రవరానిది మరో కథ. 2019లో పాలకవర్గం గడువు తీరాక ఆ నగరం ఏళ్ల తరబడి ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారి ఏలుబడిలో గడిపింది.

తప్పంతా పైవారిదే అనలేం. ఓట్లు పోతాయని ఇంటి పన్ను సవరించని పాలకవర్గాలున్నాయి. పెద్దమనుషులు కూడబలుక్కొని చేపల చెరువును కారుచవకగా పాడుకుంటుంటే కళ్లు మూసుకున్నవీ ఉన్నాయి. సొంత రాబడిని ఇలా వదులుకున్న పంచాయతీకి గ్రాంటు కోసం చేయి చాచడం తప్పదు, చేయి చాచాక షరతులకు తలవంచడమూ తప్పదు.

కాబట్టి వేలంపాటలు బహిరంగంగా జరగాలి, పన్ను వసూలు లెక్క గ్రామసభలో చదివి వినిపించాలి. ప్రభుత్వం తన వంతుగా పంచాయతీ సొంత రాబడిని ఊరి ఖాతాలోనే ఉంచాలి, తనిఖీని ఆడిట్‌కు వదలాలి. ఇదంతా ఒక్కసారిగా కుదరదంటే, మంచినీటి చెరువుల బిల్లులనైనా వచ్చే వేసవిలో కాలువలు కట్టేలోగా ఖజానా వరుస నుంచి తప్పించాలి.