నావలో ఏమున్నది నాయనా?

విశాఖపట్నం మధురవాడలో మా తోడల్లుడు ఫ్లాటు కొన్నాడు. సంతోషం. కొనేముందు కొమ్మాది, ఎండాడ, పీఎం పాలెం, ఆనందపురం అన్నీ తిరిగాడు. తిరిగిన ప్రతిచోటా బ్రోచరు కోసం ఫారం నింపాడు. ఫారంలో పేరు తనది, మెయిల్ ఐడీ నాది. ఇదేమిటయ్యా అంటే, "మీ ఐడీ నోటికి తేలిగ్గా వస్తుంది అన్నయ్యగారూ" అన్నాడు. ఫోన్ నంబరు మాత్రం చచ్చినా ఎవరికీ ఇవ్వడట. "ఇస్తే ఫోన్లు చేసి ప్రాణం తీసేస్తారండీ" అని నాకే జాగ్రత్తలు చెప్పాడు.

అక్కణ్ణుంచి మొదలైంది. ముందు ఫ్లాట్లవాళ్ళు, ఆ వెనక లోన్లవాళ్ళు, తర్వాత మాడ్యులర్ కిచెన్, ఆ తర్వాత జుట్టు మొలిపించేవాళ్ళు. వరస బాగానే ఆలోచించారు. ఇల్లు కొంటే అప్పవుతుంది, అప్పయితే జుట్టు ఊడుతుంది. అన్నిట్లోకీ నాకు నచ్చింది భోగాపురం ఎయిర్‌పోర్టు. ఎక్కడి వెంచరైనా సరే, అక్కడికి పది నిమిషాలే. అనకాపల్లి వెంచరుకి కూడా పది నిమిషాలే! అనకాపల్లి ఊరికి ఈ పక్క, భోగాపురం ఆ పక్క విజయనగరం జిల్లాలో. పది నిమిషాల్లో చేరాలంటే విమానం అనకాపల్లిలోనే ఎక్కాలి.

అన్‌సబ్‌స్క్రైబ్ కొట్టొచ్చు కదా అంటారు. గుంపగుత్తగా మెయిళ్ళు పంపేవాళ్ళు ఒక్క నొక్కుతో వదిలిపెట్టాలని 2024లో గూగుల్, యాహూ షరతు పెట్టాయి, నిజమే. పద్ధతైన కంపెనీలు పాటిస్తున్నాయి కూడా. నాకు రాసేవాళ్ళకి ఆ పద్ధతే లేదు. వీళ్ళ మెయిల్లో అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కితే, ఈ ఐడీ వెనక చదివే ప్రాణి ఒకటి ఉందని వాళ్ళకి రూఢి అవుతుంది, రేటు పెంచి ఇంకొకరికి అమ్ముకుంటారు. 1978లో గ్యారీ థ్యూర్క్ అని అమెరికాలో ఒక కంప్యూటర్ కంపెనీ మార్కెటింగ్ ఆయన, మా కొత్త మెషీన్లు చూడ్డానికి రండంటూ దాదాపు 400 మందికి ఒకేసారి మెయిల్ కొట్టాడు. ఈ వంశానికి మూలపురుషుడు ఆయనే. తిట్లు గట్టిగానే పడ్డాయి, మెషీన్లూ అమ్ముడుపోయాయి. మనవాళ్ళ చెవిన పడింది రెండో ముక్కే.

సరే, నిన్న గృహప్రవేశం. పాలు పొంగాయి, జనం వచ్చారు, సత్యనారాయణ వ్రతం మొదలైంది. సన్నాయిమేళం నా ఫోన్లో ఉందని, చక్రాలున్న ఒక నిలువెత్తు స్పీకరుకి దాన్ని తగిలించాడు తోడల్లుడు. ఇక్కడో సంగతి చెప్పాలి. బండి నడుపుతూ ఫోను చూడొద్దని మా మేనల్లుడు అందులో ఏదో ఏర్పాటు చేశాడు. బ్లూటూత్ తగిలిందంటే నేను కార్లో ఉన్నట్టే దాని లెక్క, వచ్చిన ప్రతి మెయిలూ పైకి చదువుతుంది. కొత్త బిల్డింగు కదా, సిగ్నలు లేదు. మూడు అధ్యాయాలు, మూడు కొబ్బరికాయలు ప్రశాంతంగా అయిపోయాయి.

నాలుగో అధ్యాయం. షావుకారు పడవనిండా ధనంతో తిరిగొస్తున్నాడు. స్వామి సన్యాసి వేషంలో ఒడ్డున నిలబడ్డాడు. పంతులుగారికి కథ చెప్పడం సరదా, గొంతు మార్చి, కళ్ళు పెద్దవి చేసి, "నాయనా, నీ నావలో ఏమున్నది?" అని ఆగారు.

సరిగ్గా అప్పుడొచ్చింది సిగ్నలు.

"త్రీ బీహెచ్‌కే లగ్జరీ ఫ్లాట్స్," అంది స్పీకరు, ఆడగొంతుతో, హాలు అదిరిపోయేలా. "టెన్ మినిట్స్ టు భోగాపురం ఎయిర్‌పోర్ట్."

పంతులుగారు అనుభవజ్ఞులు. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, "ఆకులూ తీగలే స్వామీ, అన్నాడు షావుకారు" అని కథ పట్టాలెక్కించారు. నేను లేవబోయాను. కట్టుకున్నది పట్టుపంచె, కాళ్ళు తిమ్మిరెక్కాయి, ముందు నలుగురు పెద్దమ్మలు, ఫోనేమో వంటింట్లో పాలగిన్నె వెనకాల. ఈలోగా స్వామి "తథాస్తు" అన్నాడు.

"కంగ్రాచ్యులేషన్స్! యువర్ లోన్ ఆఫ్ టెన్ లాక్స్ ఈజ్ అప్రూవ్డ్."

ధనమంతా ఆకులైపోయి పడవ తేలికై పైకి తేలిందని పంతులుగారు చెబుతుంటే, నెలలో పది కేజీలు తగ్గండి అంది. ఎవరో అక్షింతలు నోట్లో కుక్కుకుని నవ్వాపుకున్నారు. జుట్టు మెయిలు వచ్చేసరికి మాత్రం నవ్వు ఆగలేదు, ఎందుకంటే అందరూ ఒకేసారి తోడల్లుడి తలకేసి చూశారు.

మూలనున్న ముసలమ్మగారు, "ఏటి బాబూ, లోను లేకుండా కొన్నావని చెప్పేవు?" అని అడిగేసింది. పీటల మీద కూర్చుని తోడల్లుడు నాకేసి చూసిన చూపు! ఐడీ ఇచ్చిందెవరు, స్పీకరు తెచ్చిందెవరు? కథయ్యాక పక్కకి పిలిచి, "ఫోను సైలెంట్లో పెట్టుకోవాలి కదండీ, శుభమా అని పిలిస్తే" అన్నాడు. భార్యలు అక్కచెల్లెళ్ళు కాబట్టి ఊరుకున్నాను.

దక్షిణ పుచ్చుకుని బయల్దేరుతూ పంతులుగారు గుమ్మం దగ్గర ఆగారు. గొంతు తగ్గించి, "అన్నట్టు బాబూ, ఆ పది లక్షల లోను... మా అబ్బాయి కారు కొనాలంటున్నాడు. వివరాలు ఎవర్నడగాలి?" అన్నారు.

ఆయన సంచిలోని పంచాంగం అట్ట వెనకాల తోడల్లుడి ఫోన్ నంబరు రాసిచ్చాను. ఎప్పుడైనా చెయ్యొచ్చు, మొహమాటపడొద్దన్నాను.