పట్నం గుడికి పిల్లల్ని తీసుకెళ్దాం

మన తెలుగు సంఘం సమావేశాల్లో ‘చెన్నపట్నం మనదే’ అనే మాట వినపడని రోజు ఉండదు. దామెర్ల వెంకటాద్రి నాయకుడు 1639లో ఈస్టిండియా కంపెనీకి ఇక్కడ కోట కట్టుకోనిచ్చాడనీ, ఆయన తండ్రి చెన్నప్ప పేరే ఊరికి నిలిచిందనీ చెప్పుకుని మురిసిపోతాం. కాదు, చెన్నకేశవుడి వల్లే ఆ పేరు అనేవాళ్ళూ ఉన్నారు. ఆ చెన్నకేశవుణ్ణి మనలో ఎంతమంది చూశాం?

నేనే పోయిన నెలదాకా చూడలేదు. దేవరాజ మొదలి వీధిలో రెండుసార్లు గుడి ముందునుంచే దాటిపోయాను. దుకాణాలు అంతగా కమ్మేశాయి. మల్లెమాల కడుతున్న ఒక పెద్దావిడ తలెత్తకుండానే, “పట్నం కోయిలికా? అదో, ఆ అంగళ్ళ మధ్యన పోమ్మా” అంది. కోయిలంటే గుడే. అచ్చం మా అమ్మమ్మ తెలుగు. లోపలికి అడుగుపెడితే వీధి రొద సగానికి తగ్గింది. నూనె మరకలతో నల్లబడ్డ రాతి స్తంభం మీద చెయ్యి వేస్తే మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉంది. కేశవుడి పక్కనే చెన్నమల్లీశ్వరుడి గుడి. హరిహరులిద్దరూ ఇరుగుపొరుగు.

ఇద్దరూ నిలవనీడ పోగొట్టుకుని ఇక్కడికొచ్చినవాళ్ళే. కంపెనీ తొలి దుబాషీల్లో (మాటలు అనువదిస్తూ వ్యాపారం నడిపే మధ్యవర్తుల్లో) ఒకడైన బేరి తిమ్మన్న కాలం నాటి పాత గుడి కోట దగ్గర, ఇప్పుడు హైకోర్టున్న చోట ఉండేది. 1746లో ఫ్రెంచివాళ్ళు కోట పట్టుకున్నారు. మూడేళ్ళకు అది మళ్ళీ ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. మళ్ళీ దాడి జరుగుతుందన్న భయంతో వాళ్ళు కోట చుట్టూ ఫిరంగులకు అడ్డొచ్చే కట్టడాలన్నీ తీసేయించారు. 1757లో గుడి కూల్చేశారు. బదులుగా కంపెనీ ఈ స్థలమూ కొంత సొమ్మూ ఇచ్చింది, అది చాలలేదు. గవర్నర్ పిగట్ దగ్గర దుబాషీగా ఉన్న మణలి ముత్తుకృష్ణ మొదలి పూనుకుని, సొంత డబ్బూ వేసి, 1762లో పని మొదలుపెట్టించాడు.

పూనుకుని మళ్ళీ నిలబెట్టినవాడు తమిళుడు. అందుకే ‘మనదే’ అనడం నాకు నచ్చదు, ‘మనది కూడా’ అందాం.

ఏటా పిల్లల్ని బస్సెక్కించి మహాబలిపురం తీసుకెళ్తున్నాం. ఈసారి బస్సు వద్దు. పొద్దున్నే హైకోర్టు గేటు దగ్గర కలుసుకుని, పాత గుడి అక్కడే ఉండేదని చూపించి, కొత్త గుడిదాకా నడిపిద్దాం. దారిలో పూలు ఆ పెద్దావిడ దగ్గరే కొందాం.