వైట్ సిటీ ఎవరి కట్టడం? ‘టార్టారియా’ ప్రచారానికి జవాబు

కొన్నేళ్లుగా వీడియోల్లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒక కథ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: అమెరికా నగరాల్లో తెల్లని స్తంభాలు, గుమ్మటాలు, విశాలమైన మెట్లతో కనిపించే గ్రీకు, రోమన్ తరహా భవనాలను అమెరికన్లు కట్టలేదు, ‘టార్టారియా’ అనే మహా సామ్రాజ్యం వాటిని ఎప్పుడో కట్టింది, 19వ శతాబ్దంలో వచ్చిన ఒక బురద వరద ఆ సామ్రాజ్యాన్ని ముంచేసింది, మిగిలిన భవనాల్లో కొన్నింటిని ప్రభుత్వాలు తమవని చెప్పుకున్నాయి, కొన్నింటిని ప్రపంచ ప్రదర్శనల పేరుతో చూపించి, తర్వాత ఆనవాళ్లు లేకుండా కూల్చేశాయి. పాత యూరప్ పటాల్లో మధ్య ఆసియా మీద ‘టార్టరీ’ అని రాసి ఉండటం ఒక ఆధారమట. తమకు సరిగా తెలియని విశాల భూభాగానికి పటాలు గీసేవారు పెట్టుకున్న పేరు అది. ఆ పేరుతో అమెరికా దాకా పాలించిన సామ్రాజ్యం ఏదీ లేదు. అసలు ఆధారంగా అందరూ చూపేది మాత్రం 1893 నాటి చికాగో ప్రపంచ ప్రదర్శన ఫొటోలనే. ‘వైట్ సిటీ’ అని పేరుపడ్డ ఆ తెల్లటి నగరాన్ని చూస్తే ఎవరికైనా నోట మాట రాదు, కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

గుర్రపు బళ్ల కాలంలో, రెండేళ్ల వ్యవధిలో, అంతంత రాతి భవనాలు కట్టడం అసాధ్యమన్నది మొదటి వాదన. నిజంగా అసాధ్యమే, అందుకే వాటిని రాతితో కట్టలేదు. మిషిగన్ సరస్సు ఒడ్డున జాక్సన్ పార్కులోని ఇసుక, చిత్తడి నేలలో 1891లో పని మొదలైంది. 1893 మే 1న ప్రదర్శన తెరిచే నాటికి అక్కడ నిలిచినవి చాలావరకు చెక్కతోనూ ఉక్కుతోనూ చేసిన చట్రాలు. వాటికి తొడిగిన తెల్లని పైపూతను ‘స్టాఫ్’ అనేవారు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో కొంత సిమెంటు, నార పీచు కలిపి, అచ్చుల్లో పోసి, ఆరిన పలకలను చట్రానికి మేకులతో బిగించేవారు. స్తంభం తలను రాతిలో వందసార్లు చెక్కాలంటే శిల్పులకు ఏళ్లు పడుతుంది. అచ్చు ఒకటి కుదిరిందంటే నూరు తలలు పోతపోసి, రంపంతో కావలసిన కొలతకు కోసుకోవచ్చు. మన సినిమావాళ్లు రాజమహల్ సెట్టింగు వేసే పద్ధతి దాదాపు ఇదే, కాకపోతే ఇక్కడి సెట్టింగుల్లో అతిపెద్దదైన తయారీ వస్తువుల భవనం పొడవు 1,687 అడుగులు, వెడల్పు 787 అడుగులు. అంత గోడకు కుంచెలతో రంగు వేస్తూ కూర్చుంటే గడువు దాటుతుందని, ఒత్తిడి పెట్టిన గాలితో గొట్టాల్లోంచి తెల్ల రంగు చిమ్మించారు.

ఆ భవనాలన్నీ ఒకే చేతి నుంచి వచ్చినట్టు కనిపిస్తాయి కాబట్టి వెనుక ఒకే సామ్రాజ్యం ఉండి తీరాలని కూడా అంటారు. ఆ పొందిక ఒక సమావేశంలో కుదిరిన ఒప్పందం. నిర్మాణ డైరెక్టర్ డేనియల్ బర్నమ్ పిలిపించిన ఆర్కిటెక్టులు ప్రధాన ప్రాంగణం చుట్టూ అందరూ ప్రాచీన గ్రీకు, రోమన్ శైలినే వాడాలని, చూరు పట్టీ ఎత్తును 60 అడుగుల దగ్గర సమం చేయాలని నిర్ణయించుకున్నారు. వారిలో పెద్దవాడైన రిచర్డ్ మోరిస్ హంట్ పారిస్‌లోని ఎకోల్ దె బొజార్ అనే కళాశాలలో ఆర్కిటెక్చర్ చదివిన తొలి అమెరికన్. ఆ ఒప్పందానికి బయట, రంగురంగుల రవాణా భవనం గీసిన లూయీ సల్లివాన్‌కు ఈ రోమన్ వేషం ఏమాత్రం నచ్చలేదు, ఆ అసంతృప్తిని తర్వాత బాహాటంగానే రాశాడు. పోతే, అధికారిక ఫొటోగ్రాఫర్ చార్లెస్ డడ్లీ ఆర్నల్డ్ తెరిచిన తర్వాతి వైభవాన్నే కాక అంతకు ముందరి పరంజా కర్రల అడవిని కూడా ఫొటోలు తీశాడు. సగం తొడుగు పడ్డ గోడ, వెనకాల బయటకు కనిపిస్తున్న చెక్క చట్రం వాటిలో స్పష్టంగా ఉంటాయి. ప్రచారం చేసేవారు ఆర్నల్డ్ ఫొటోలే వాడుకుంటారు గానీ ఈ రకంవి ఎంచుకోరు.

అయితే ప్రదర్శన ముగియగానే అవి ఎందుకు మాయమయ్యాయి, మంటలు అనుమానాస్పదం కాదా అన్నది తర్వాతి ప్రశ్న. చెక్క మీద పూసిన ప్లాస్టరు చికాగో చలికాలాన్ని ఎన్నాళ్లు తట్టుకుంటుంది? ఆరు నెలల ఉత్సవానికి కట్టినవాటిని తర్వాత ఏం చేయాలన్న చర్చ సాగుతుండగానే 1894 జనవరిలో ఒకసారి, పుల్‌మన్ సమ్మె అనే రైల్వే కార్మికుల సమ్మె నడుస్తున్న జూలై 5న మరోసారి నిప్పంటుకుని ప్రధాన భవనాలు బూడిదయ్యాయి. ఒక్క లలిత కళల భవనం మిగిలింది. దానికి కారణం కూడా మామూలుదే: చెక్క భవనంలో వేలాడదీయడానికి విలువైన చిత్రాలను ఎవరూ అరువివ్వరు కాబట్టి ఆ ఒక్కదాని లోపల ఇటుక గోడలు కట్టారు, పైన మాత్రం అదే స్టాఫ్. 1894 నుంచి 1920 దాకా అందులో ఫీల్డ్ మ్యూజియం నడిచింది. ఈలోగా పైపూత పెచ్చులూడి, భవనం చూడటానికి భయమేసే స్థితికి వచ్చింది. దాన్ని పడగొట్టవద్దని పోరాడినవారి పుణ్యమా అని, సియర్స్ సంస్థ అధినేత జూలియస్ రోజన్‌వాల్డ్ ఇచ్చిన సొమ్ముతోనూ ప్రజల నిధులతోనూ సున్నపురాయి తొడుగు వేసి, 1933లో సైన్స్ మ్యూజియంగా తెరిచారు. ఈ రోజు మనం చూసే రాయి ప్రదర్శన ముగిసిన మూడు దశాబ్దాలకు పైగా గడిచాక వచ్చింది.

నా దృష్టిలో టార్టారియా కథను నిలువునా కూల్చేది ఇటువంటి పరిరక్షణ చరిత్రే, ఎందుకంటే చికాగోలో జరిగిందే మిగతా చోట్లా జరిగింది. నాష్‌విల్‌లో 1897 ప్రదర్శనకు తాత్కాలికంగా కట్టిన పార్థెనాన్ (ఏథెన్స్‌లోని ప్రాచీన గ్రీకు ఆలయానికి నకలు) మీద జనానికి మమకారం పెరిగి కూల్చనివ్వలేదు. అది దానంతట అదే కూలే పరిస్థితి వచ్చాక 1920 నుంచి 1931 వరకు కాంక్రీటుతో మళ్లీ కట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో బెర్నార్డ్ మేబెక్ 1915 ప్రదర్శనకు గీసిన లలిత కళల ప్యాలెస్ అర్ధశతాబ్దం ముక్కలు రాలుస్తూ నిలబడింది. 1964లో పడగొట్టి, అదే ఆకారాన్ని కాంక్రీటులో తిరిగి పోశారు. యుగాలు నిలిచేలా ఎవరో రాతితో కట్టినవే అయితే మూడు నగరాలు ఇంతింత డబ్బు పోసి రెండోసారి కట్టుకోవలసిన అవసరం ఏమిటి?

ఇక్కడ మనవాళ్లకు సంబంధించిన ఒక అపోహ కూడా తీర్చుకోవచ్చు. 1893 సెప్టెంబరు 11న వివేకానందుడు ప్రసంగించింది ఆ తెల్ల భవనాల మధ్యనే అని చాలామంది అనుకుంటారు. సర్వమత సభ జరిగింది అక్కడికి మైళ్ల దూరంలో, మిషిగన్ అవెన్యూ మీద అప్పుడే శాశ్వతంగా కట్టిన రాతి భవనంలో. ఇప్పుడది ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. ఉండటానికి కట్టింది ఉంది, ఉత్సవానికి కట్టింది పోయింది.

బురద వరదకు సాక్ష్యంగా నేలలో సగం కూరుకుపోయినట్టుండే కిటికీలను చూపిస్తారు. అవి సెల్లారుకు వెలుతురు కోసం పెట్టిన కిటికీలు. కొన్ని నగరాల్లో వీధి మట్టం నిజంగానే పెరిగింది, అయితే పెంచింది మునిసిపాలిటీలే. మురుగు పోవడానికి వాలు చాలక చికాగో 1850లు, 60లలో వీధులను ఎత్తు చేసి, భవనాల కింద జాకీలు పెట్టి పైకి లేపింది. 1861లో ట్రెమాంట్ హౌస్ అనే పెద్ద హోటల్‌ను అలాగే లేపారు. సియాటిల్ 1889 అగ్నిప్రమాదం తర్వాత వీధులను ఒక అంతస్తు మేర పెంచింది, పాత కాలిబాటలు ఇప్పటికీ కింద ఉన్నాయి, టికెట్ కొని చూసి రావచ్చు.

కట్టినవారి పేర్లు ఎక్కడా లేవన్న మాటను మాత్రం తేలిగ్గా వదిలేయలేను. వాషింగ్టన్‌లోని కాపిటల్ (అమెరికా చట్టసభ భవనం) గుమ్మటం మీది స్వేచ్ఛా విగ్రహం సంగతి తీసుకోండి. శిల్పి థామస్ క్రాఫర్డ్ రోమ్‌లో చేసిన ప్లాస్టరు నమూనాను ముక్కలుగా తెచ్చి బిగించాక, పోతకు పంపడానికి విడదీయాలంటే అతుకులు కనబడలేదు. అతుకుల ఆచూకీ తెలిసిన పనివాడు కూలి పెంచితే తప్ప చెప్పనన్నాడు. అప్పుడు ఫిలిప్ రీడ్ అనే బానిస విగ్రహం తలపైని ఇనుప కొక్కేనికి కప్పీ తాడు కట్టి మెల్లగా పైకి లాగించగా, ఆ బరువుకు అతుకులు వాటంతట అవే విచ్చుకున్నాయి. పోతపని జరిగినన్నాళ్లూ మంటలు చూసినందుకు అతనికి 33 ఆదివారాలకు రోజుకు డాలరుంబావు చొప్పున 41 డాలర్ల 25 సెంట్లు ముట్టినట్టు ప్రభుత్వ చెల్లింపు పత్రాల్లో ఉంది. మిగతా ఆరు రోజుల కూలి యజమానికి పోయింది. 1862 ఏప్రిల్‌లో రీడ్ స్వతంత్రుడయ్యాడు, 1863 డిసెంబరు 2న విగ్రహం పైకెక్కింది. ఇలాంటి మనుషులకు పేరు దక్కడానికే నూరేళ్లు పైగా పట్టింది. ఆ పేరును ఇప్పుడు ఊహల్లోని సామ్రాజ్యానికి రాసివ్వడం నాకు అజ్ఞానం కంటే అన్యాయంగా తోస్తుంది.

సాక్ష్యాలు దాచడానికే కూల్చారన్న ఆరోపణకు న్యూయార్క్‌లోని పెన్ రైల్వే స్టేషన్‌ను ఉదాహరణ చూపుతారు. అక్కడ రహస్యమేమీ లేదు. 1910లో తెరిచిన ఆ స్టేషన్ నష్టాల్లో ఉన్న రైల్వే కంపెనీకి భారమైంది, దాంతో కంపెనీ ఆ స్థలం మీద పైకి కట్టుకునే హక్కులను అమ్ముకుంది. 1962లో ఆర్కిటెక్టులు వీధిలో ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు, పత్రికలు మొత్తుకున్నాయి, అయినా 1963 అక్టోబరులో అందరి కళ్లెదుటే కూల్చివేత మొదలైంది. ఆ కోపంలోంచే పాత కట్టడాల పరిరక్షణకు 1965లో నగర చట్టం, 1966లో జాతీయ చట్టం వచ్చాయి. ఆ నగర చట్టం చెల్లుతుందని 1978లో సుప్రీంకోర్టు 6–3 మెజారిటీతో తీర్పివ్వడం వల్లనే అదే నగరంలోని గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ నెత్తిన కట్టాలనుకున్న టవర్ లేవలేదు.

చివరిగా, కొలతలు గానీ నక్షాలు గానీ లేవంటారు. 1933లో, మాంద్యం వల్ల పని లేక ఉన్న వెయ్యిమంది ఆర్కిటెక్టులకు పాత భవనాలు కొలిచి గీసే పని ఇప్పించాలని చార్లెస్ పీటర్సన్ ప్రతిపాదిస్తే నేషనల్ పార్క్ సర్వీస్ ఆ సర్వే మొదలుపెట్టింది, అది నేటికీ నడుస్తోంది. ఆ చిత్రాలు, ఫొటోలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటులో ఉన్నాయి, డబ్బు కట్టనక్కరలేదు. పెన్ స్టేషన్ పేరు కొట్టి చూడండి, కూలకముందు తీసిన ఫొటోలు వస్తాయి.